రేగుంట అవతలి రొట్టెల మాత

మా చెన్నూరు వాళ్లకు ప్రాణహిత అంటే పుష్కరాలకు మునిగే నీళ్లు, అంతే. ఆ నీళ్ల అవతల కూడా తెలుగువాళ్లున్నారనీ, వాళ్ల పిల్లలు మరాఠీ బడిలో లెక్కలు నేర్చుకుని ఇంటికొచ్చి మనలాగే "ఏందే అవ్వా, ఆకలైతుంది" అంటారనీ చెబితే, ఔనా అని నోరు తెరుస్తారు. వెళ్లినవాళ్లు తక్కువ. వెళ్లొచ్చి రాసినవాళ్లు ఇంకా తక్కువ. నేను రాస్తున్నది అక్కడ చూడవలసిన వింతలున్నాయని కాదు. అక్కడ ఒక పని జరిగింది. అది ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. నేనూ ఊరుకుంటే ఇక ఉండదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బడిలో నేను చదివింది మూడో తరగతి. పన్నెండో ఏట పుస్తకాలకు అట్టలు వేసే షాపులో చేరి నలభై ఏళ్లు అదే పని చేశాను. ఒక మిషన్ గ్రంథాలయం నుంచి చెదలు తిన్న పుస్తకాలు మా షాపుకు సంచులకొద్దీ వచ్చేవి. కుట్టే ముందు ప్రతి పుస్తకమూ చదివేవాణ్ణి. తెలుగువి తెలుగులో, ఇంగ్లీషువి నిఘంటువు పక్కన పెట్టుకుని. మా తండ్రి కాలంలోనే మేము క్రైస్తవులమయ్యాం. మా మతం ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరితో కొట్లాడారు, ఎవరు గెలిచి ఎవరి నోరు మూయించారు అన్నదంతా సూదీ దారం చేతిలో పట్టుకునే తెలుసుకున్నాను. అందుకే ఫాదర్లకు నేనంటే కొంచెం భయం. ఆ భయం చూస్తే నాకు సరదా. ఆ సరదాకు ఎంత ఖర్చయిందో ఈ ప్రయాణంలో తెలిసింది.

రెండు వేల నాలుగు జనవరిలో మా చెల్లెలు శాంతమ్మ ఎవరిచేతో ఉత్తరం రాయించింది. రేగుంట అవతల చిన్న పల్లెలో ఆమె కాపురం. భర్త పోయి చాలా కాలమైంది. "అన్నా, మా తల్లి గుడిసె పీకి ఆ జాగల హాలు కడుతరట. ఆదివారం పెద్దలు కూసుంటున్నరు. నువ్వొచ్చి మా పిల్లల గురించి ఒక్క మాట చెప్పు." ఉత్తరమంతా అంతే.

రేవు

అర్జునగుట్ట రేవులో పడవకు మనిషికి ఐదు రూపాయలు, సైకిలుకు మూడు, మేకకు రెండు. ముసలివాళ్లకు తగ్గింపు లేదా అని అడిగాను. పడవ నడిపే గణపతి యాభై ఏళ్ల మనిషి, నల్లగా నిగనిగలాడుతున్నాడు.

"తాతా, నువ్వు మేక కన్న తేలికనే ఉన్నవ్ గని, మేక ప్రశ్నలడగది," అన్నాడు. పడవలో వాళ్లంతా నవ్వారు.

ఎవరింటికి, ఏం పని అని అతను అడిగాడు. మా మరియమాత గుడిసె తీసేస్తామంటున్నారు, తగవుకు పోతున్నానని చెప్పాను.

"మరియమాత అంటే మా మైసమ్మ లెక్కనే గదా?"

"కాదు. ఆమె కథ వేరు," అన్నాను. నది దాటేసరికి ఆ కథంతా చెప్పేశాను. మీకూ చెబుతాను, ఎందుకంటే జరిగిందంతా దీని మీదే నిలబడింది.

సువార్తల్లో ఆ తల్లి మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలుగింటిలో ఒకదాంట్లో ఆమె పేరు కూడా లేదు, ఉత్త తల్లి. కొడుకు పోయాక ఆమె ఏమైందో ఎవరూ రాయలేదు. పెద్దలకు అక్కర్లేకపోయింది, మామూలు జనానికి కావాల్సి వచ్చింది. ఆమె ఎవరి బిడ్డ, ఎట్లా పెరిగింది అని అడిగారు. అడగ్గా అడగ్గా ఎవరో ఆమె పుట్టుక కథ రాశారు. పెద్దలు ఆ కథను బైబిల్లో చేర్చలేదు, జనం వదిలిపెట్టలేదు. ఐగుప్తు, అంటే ఈజిప్టు, ఇసుకలో ఒక చిన్న చిరిగిన కాగితం ముక్క దొరికింది. ఆపదలో ఉన్న ఎవరో ఆమె నీడ కోరుకుంటూ రాసుకున్న ప్రార్థన అది. ఎంత పాతదన్న దాని మీద పండితులకు ఇప్పటికీ పడదు. ఆ తర్వాత ఆమెను దేవుని తల్లి అనాలా, ఉత్త క్రీస్తు తల్లి అనాలా అని ఇద్దరు పెద్ద బిషప్పులు తన్నుకున్నారు. ఎఫెసు పట్టణంలో సభ పెట్టారు. దేవుని తల్లి అన్నవాడు గెలిచాడు. జనం కాగడాలు పట్టుకుని బిషప్పులను బసదాకా సాగనంపారు. ఓడినవాడు ఎడారికి పోయి అక్కడే చచ్చాడు.

గణపతి తెడ్డు వేయడం ఆపి విన్నాడు.

"అంటే తల్లిని తల్లీ అని పిలువనీకె కూడా పెద్దమనుషులు కూసోవాల్నా, తాతా?"

నాలుగు వందల ఏళ్ల రగడను ఆ మనిషి ఒక్క మాటలో తేల్చేశాడు. ఆ మాట అక్కడే వదిలేసి దిగాను. దిగేటప్పుడు కాలు జారి సంచీ నీళ్లలో పడింది. ఆదివారం సభ కోసం నాలుగు రోజులు కూర్చుని రాసుకున్న కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి.

సిరోంచ

సిరోంచలో బోర్డులు మరాఠీలో, బేరాలు తెలుగులో, తిట్లు హిందీలో. బస్టాండు ఎదురుగా ఒక పాకలో అన్నం, చేపల పులుసు పదిహేను రూపాయలు. చేప ప్రాణహితదే. పులుసులో చింతపండు మా ఇళ్లలో కంటే రెట్టింపు. ముక్క గట్టిగా, తియ్యగా ఉంది. పచ్చి ఉల్లిగడ్డ అడిగితే మరో అర్ధ రూపాయి తీసుకున్నారు. అది అన్యాయమని అక్కడే చెప్పాను.

తిన్నాక తడి కాగితాలను ఎండలో అరుగు మీద పరిచాను. పది నిమిషాల్లో తుపాకులు భుజాన వేసుకుని ఇద్దరు పోలీసులు వచ్చారు. ఆ ప్రాంతంలో నక్సలైట్ల భయం కదా, చేతిరాత కాగితాలంటే వాళ్లకు పామును చూసినట్టే.

"కుఠూన్ ఆలా, బాబా?" అన్నాడు ఒకడు. ఎక్కడి నుంచి వచ్చావని. రెండోవాడు లాఠీ కొసతో ఒక కాగితాన్ని తిరగేశాడు. తడి కాగితం కదా, అడ్డంగా చిరిగింది.

నాకు ఒళ్లు మండింది. పాక యజమాని పరుగెత్తుకొచ్చి మరాఠీలో ఏదో చెప్పి వాళ్లను పంపించాడు. తర్వాత నా వైపు తిరిగి, "పెద్దయ్యా, జర నోరు కట్టేసుకో. దేవుని కాయితాలని చెప్పిన. ఇగ నువ్వు నోరు తెరిస్తే దేవుడు గూడ ఠాణాకే పోతడు," అన్నాడు.

కాగితాలు ఎండాయి, సిరా మాత్రం మరకలైపోయింది. ఫర్వాలేదు, అంతా నా తలలో ఉందనుకున్నాను.

బస్సులో

మరునాడు పొద్దున రేగుంట బస్సులో నా పక్కన ఒక గోండు ముసలమ్మ కూర్చుంది. ఒళ్లో ఉసిరికాయల గంప. ఊరు పెర్మిలి. కూతురి కాన్పుకు సిరోంచ వచ్చి, ఇప్పుడు రేగుంట దగ్గర అక్క ఇంటికి పోతోంది. తెలుగు ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడింది.

"కూతురికి ఏం పుట్టింది?" అన్నాను.

"మొగపిల్ల. ఉండలే." ఉండలేదు అంటే బతకలేదని.

ఎక్కడ పెట్టారని అడిగాను. పళ్లు రాని పిల్లలను మేము కాల్చము, ఇప్పచెట్టు మొదట్లో పెడతాము అంది. "చెట్టు పాలు తాపుతది. ఇప్పచెట్టుకు పాలు ఉన్నయ్," అని నా ముఖం చూసి, నేను నవ్వడం లేదని నమ్మకం కుదిరాక మళ్లీ, "ఈడ ఊళ్లె జాగ లేదు. దవాఖాన ఎనుక ఇచ్చిన్రు. ఇప్పచెట్టు లేదు," అంది.

దిగేటప్పుడు నా చేతిలో మూడు ఉసిరికాయలు పెట్టింది.

మా పిల్లల విషయంలో మా మతం ఏం చేసిందో ఇక్కడే చెప్పాలి. బాప్తిస్మం పొందకుండా చనిపోయిన పసివాళ్లను వెనుకటి రోజుల్లో మా శ్మశానంలోకి రానిచ్చేవాళ్లు కాదు. శాంతమ్మ వాళ్ల పల్లెకు ఫాదర్ రెండు నెలలకొకసారి వచ్చేవాడు. వానాకాలంలో వాగులు పొంగితే అదీ లేదు. పుట్టిన పిల్లలు మాత్రం ఫాదర్ కోసం ఆగి చావరు కదా. ప్రాణం మీదికి వస్తే ఎవరైనా సరే, తల్లయినా మంత్రసానయినా, తలమీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చే ఆ నాలుగు మాటలు అంటే చాలునని నియమం ఉంది. నేను కుట్టిన పుస్తకంలోనే ఉంది. ఆ ఆడవాళ్లకు ఆ సంగతి చెప్పిన నాథుడు లేడు. శాంతమ్మకు ఆరు రోజుల పిల్ల పోయింది శ్రావణంలో, ముప్ఫై నాలుగేళ్ల క్రితం. నేను ఆ నియమం చదివింది దాని తర్వాత ఐదేళ్లకు. చదివి, కోపంతో ఆ పేజీని మళ్లీ మళ్లీ చదివి, అట్ట వేసి పంపించేశాను. చెల్లెలికి ఉత్తరం రాయలేదు. రాసి ఏం లాభం అనుకున్నాను.

రొట్టెల శనివారం

శాంతమ్మ నన్ను చూసి మొదట అన్న మాట: "గింత సన్నబడ్డవేంది? పుస్తకాలే తింటున్నవా?"

కాళ్లకు నీళ్లు, జొన్నరొట్టె, ఎండుచేపల తొక్కు. తినగానే తల్లి గుడిసెకు తీసుకుపోయింది. శ్మశానం గోడకు అవతల, తుమ్మచెట్ల మధ్య రెల్లుగడ్డి కప్పిన చిన్న పాక. లోపల మూరెడు టేకు బొమ్మ. వెనకటికి పెర్మిలి వైపు నుంచి దుంగలు కోయడానికి వచ్చిన ఒక గోండు మనిషి చెక్కి ఇచ్చాడట. అతను మరియమాత పటం ఎన్నడూ చూడలేదు. తల్లి అని చెబితే తల్లిని చెక్కాడు. కిరీటం లేదు, చంకలో బిడ్డ ఉంది. చేతులు పెద్దవి.

పాక వెనుక గడ్డి పెరిగిన ఎకరం పావు నేల. రాయి లేదు, కర్ర లేదు, ఏమీ లేదు. ఆ పిల్లలంతా అక్కడే ఉన్నారు.

కొత్త వడ్లు దంచాక వచ్చే మొదటి శనివారం ఆ ఊరి ఆడవాళ్లు అక్కడ రొట్టెలు పెడతారు. నేను వెళ్లింది సరిగ్గా ఆ శనివారమే. బియ్యప్పిండితో, ఉప్పు లేకుండా, పసిపిల్ల అరచేయంత రొట్టెలు. పిల్లకొకటి. తల్లి ముందు పీట వేసి తెల్లబట్ట పరిచి వరసగా పెడతారు. ఫాదర్ ఉండడు, ఉపదేశి ఉండడు. ప్రార్థన కూడా పెద్దగా లేదు. ఒక్కొక్కరూ రొట్టె పెడుతూ, "తల్లీ, నా పిల్ల," అంటారు. పేర్లు లేవు, బాప్తిస్మం లేదు కదా. కాసేపు కూర్చుని ఆ రొట్టెలు పంచుకు తింటారు.

ముప్ఫై ఒక్క రొట్టెలు లెక్కపెట్టాను. ఆడవాళ్లు పద్నాలుగు మందే. మిగతా పిల్లల తల్లులు చనిపోయారు. ఆ రొట్టెలన్నీ శాంతమ్మే చేస్తుంది.

నాకూ ఒకటి పెట్టమన్నాను.

"మొగోళ్లకు పెట్టం," అంది శాంతమ్మ. "నీకు పెడితే దాని మీద గూడ పుస్తకం రాస్తవ్."

ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకంటే ఇదే నేను చదివాను. పదహారు వందల ఏళ్ల క్రితం, ఎఫెసు సభకు కూడా ముందు, అరేబియాలో కొంతమంది ఆడవాళ్లు ఏడాదికి కొన్ని రోజులు పీట మీద బట్ట పరిచి మరియమాత పేరిట చిన్న చిన్న రొట్టెలు పెట్టి, తాము పంచుకు తినేవాళ్లు. వాళ్ల గురించి ఎవరూ వీళ్లకు చెప్పి ఉండరు. ఆ అరేబియా వాళ్ల పేర్లు కూడా మిగల్లేదు. అయినా పీట అదే, బట్ట అదే, రొట్టె అదే!

ఇంటికి వస్తూ ఆ కథంతా శాంతమ్మకు చెప్పాను. ఆమె విన్నది, విన్నట్టు లేదు కూడా.

"అన్నా, రేపు గవన్ని చెప్పకు. పిల్లలు ఆడ ఉన్నరు, ఆ జాగ ముట్టద్దు అని చెప్పు. గుడిసె పోతే పోనీ, రొట్టెలద్దంటే మానేస్తం. జాగ ముట్టద్దు. గంతే."

"గంతేనా? గట్ల చెప్తె వాళ్లు వింటరా? మూలం నుంచి చెప్పాలె."

"మూలం ఏంది? పిల్లలే మూలం."

సరేనన్నాను.

ఆదివారం

పూజ అయ్యాక గుడి వరండాలో కూర్చున్నారు. ఫాదర్ వయసులో చిన్నవాడు, దూరం నుంచి వచ్చినవాడు, వచ్చి ఆరు నెలలైంది. చెడ్డవాడు కాదు. పల్లెకు హాలు కట్టి పిల్లలకు చదువు చెప్పించాలని పట్టుదల. ఫాదర్ లేనప్పుడు ప్రార్థన నడిపే ఉపదేశి లాజరు పక్కనే కూర్చున్నాడు. శాంతమ్మ మరిది కొడుకు. నన్ను మామా అంటాడు.

ఆ ఊరి పద్ధతి ఒకటుంది. ఆడమనిషి పుట్టింటి మగవాడు వచ్చి ఆమె తరఫున మాట్లాడితే, ఆ తగవులో ఆమె మళ్లీ నోరు తెరవకూడదు. ఒక పక్షానికి ఒకే నోరు. ఇది నాకు తెలుసు. మా వైపూ ఇంతే.

"పెద్దాయనా, చెప్పండి," అన్నాడు ఫాదర్ మర్యాదగా.

లేచి నిలబడ్డాను. యాభై మంది నా వైపే చూస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఒక ఫాదర్ నన్ను కూర్చోబెట్టి వింటానన్నాడు. సువార్తల దగ్గర మొదలుపెట్టాను. పుట్టుక కథ చెప్పాను, ఐగుప్తు కాగితం చెప్పాను, ఎఫెసు చెప్పాను. ఎండ వరండా మెట్టు మీద నుంచి నా పాదాల దాకా వచ్చింది. జనం కదలకుండా విన్నారు. తల్లి భక్తి పెద్దలు పై నుంచి ఇచ్చింది కాదు, కింద నుంచి ఆడవాళ్లు, కూలివాళ్లు పట్టుబట్టి తెచ్చుకున్నదని గొంతు పెంచి చెప్పాను. అప్పుడు అరేబియా ఆడవాళ్ల కథ చెప్పాను. "ఈ ఊరి ఆడోళ్లు చేసేది కొత్తది కాదు. పదహారు వందల ఏండ్ల నాడు గూడ ఇదే చేసిన్రు!"

ఫాదర్ ముందుకు వంగాడు. "చాలా ఆసక్తిగా ఉంది. చివరికి ఆ స్త్రీల సంగతి ఏమైంది?"

అబద్ధం చెప్పడం నాకు రాదు. పైగా అందులోనే నా కోపమంతా ఉంది. "ఒక బిషప్పు వాళ్ల మీద పుస్తకం రాసిండు. మరియమ్మను గౌరవించాలె గని ఆమెకు నైవేద్యం పెట్టద్దన్నడు. ఆడోళ్లకు ఆ పని ఏందని తిట్టిండు. తప్పు చేసిండని నేనంటున్న!"

లాజరు మెల్లగా అన్నాడు, "అంటే మామా, ఇది తప్పని అప్పుడే తేల్చిన్రన్నట్టు."

"తేల్చింది ఆయన! నేను కాదు!"

"మీరు ఇంత చదివి చెప్పారు కాబట్టి నాకూ స్పష్టమైంది," అన్నాడు ఫాదర్. అందులో వెటకారం లేదు. నిజంగానే అతని బరువు దిగినట్టుంది. "తల్లి మీద మనందరికీ ప్రేమే. బొమ్మను గుళ్లోకి తెద్దాం. ఆ పాక, ఆ రొట్టెలు ఇక వద్దు."

పెద్దలు తలలూపారు, లేచి తువ్వాళ్లు దులుపుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పిల్లల మాట ఎత్తనే లేదని. "ఆగండి, ఇంకొకటుంది," అన్నాను. ఎవరూ ఆగలేదు. ఆడవాళ్ల వైపు చూశాను. శాంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. మాట్లాడే వీలు ఆమెకు లేదు. ఆమె నోరు నేను.

సాయంత్రం ఫాదర్ దగ్గరికి వెళ్లి పిల్లల సంగతి చెప్పాను. ఆయన ముఖం మారింది. రిజిస్టరు తీయించాడు. అందులో లేరు, ఉండరు. బాప్తిస్మం లేనివాళ్లను రిజిస్టరులో ఎవరు రాస్తారు? లాజరును పిలిచి అడిగాడు.

"వెనుకట ఏదో ఉన్నదంటరు ఫాదర్. నాకు తెల్వది," అన్నాడు లాజరు. అతని సొంత అక్కే ఆ నేలలో ఉంది.

"ఒక్క ఎముక చూపించండి పెద్దాయనా, పని ఆపిస్తాను," అన్నాడు ఫాదర్. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. నల్లరేగడిలో ముప్ఫై ఏళ్లకు ఆరు రోజుల పిల్లది ఏం మిగులుతుంది?

ఇంటికి వచ్చాను. శాంతమ్మ అన్నం పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పిల్లల సంగతి మర్చిపోయినవ్ అన్నా," అంది పచ్చిపులుసు పోస్తూ. అంతే.

ట్రాక్టరు

ఇప్పుడక్కడ హాలు లేచింది. లాజరు ఉత్తరం రాశాడు. టేకు బొమ్మ గుడి వెనుక గదిలో ఉందట, పాత బెంచీల మధ్య. అది ముందే చెప్పేస్తున్నాను, చివర్లో ఏదో మంచి జరుగుతుందని మీరు చదవకుండా.

మంగళవారం పొద్దున ముందు బ్లేడు కట్టిన ట్రాక్టరు వచ్చింది. శాంతమ్మ వెళ్లి తలుపులు తట్టింది. ఆమెతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లయ్యారు. కేకల్లేవు, ఏడుపుల్లేవు. ఆ గడ్డి నేలలోకి నడిచి ఒక్కొక్కరూ ఒక్కో చోట ఆగారు. గుర్తు ఏమీ లేదు, అయినా ఎవరూ వెతుక్కోలేదు. చీకట్లో తన ఇంట్లో మంచం ఎక్కడుందో తెలిసినట్టు ఎవరి చోటికి వాళ్లు వెళ్లి నిలబడ్డారు.

డ్రైవరు అహేరి వైపు మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి. దిగివచ్చి తల గోక్కున్నాడు.

"ఏందవ్వా ఇది? పరేషాన్ జేస్తరేంది?"

"మా పిల్లలున్నరు కొడుకా, కింద."

"నాకు పిల్లలున్నరు అవ్వా. పని ఇడిసిపెట్టి పోలేను. మనిషున్న కాడ నడప. లేని కాడ నడుపుత. అంతకన్న నాతోని కాదు."

అన్న మాట ప్రకారమే చేశాడు. నిలబడ్డ మనిషి చుట్టూ జానెడు వదిలి మిగతాదంతా గీకుతూ పోయాడు. చోట్లు ముప్ఫై ఒకటి, మనుషులు పన్నెండు మంది. శాంతమ్మ అటూ ఇటూ పరుగెత్తి, నా రెక్క పట్టుకుని తుమ్మచెట్టు పక్కన నిలబెట్టింది.

"ఈడ నిలబడు. మాట్లాడకు."

తను పాక దగ్గరి మూలకు పోయి నిలబడింది. నాతో కలిపి పదమూడు. మిగిలిన పద్దెనిమిది చోట్లు, చనిపోయిన తల్లులవి, రాని తల్లులవి, మా కళ్ల ముందే బ్లేడు కింద తిరగబడ్డాయి. కోడళ్లను, కూతుళ్లను పిలవచ్చు కదా అంటారేమో. పిలిచింది. హాలు మాకు గూడ కావాలె అని ఇళ్లలోనే ఆగిపోయారు. గోడ అవతల పదిమంది మగవాళ్లు బీడీలు కాలుస్తూ చూశారు. వాళ్లలో లాజరు ఉన్నాడు.

మధ్యాహ్నానికి నేలంతా చదునై, మనుషులు నిలబడ్డ చోట్లు మాత్రం చిన్న చిన్న గడ్డి దిబ్బలుగా మిగిలాయి. రేపు వస్తానని డ్రైవరు వెళ్లిపోయాడు. బుధవారం మిరపతోటల్లో కూలి పిలుపు వచ్చింది. రోజుకు ముప్ఫై రూపాయలు. ఏడుగురే వచ్చారు. గురువారం నలుగురు. రానివాళ్లను నేను తిట్టబోతే శాంతమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది.

శుక్రవారం ఇద్దరమే, నేనూ శాంతమ్మా. ఎండ మెల్లగా ఎక్కింది. నేను నిలబడ్డ చోట ఎవరి పిల్ల ఉందో నాకు తెలియదు. నాలుగు రోజులూ శాంతమ్మ పాక దగ్గరి ఆ మూలనే నిలబడింది. నా మేనకోడలు అక్కడే ఉందని నేను అనుకున్నాను. అడగలేదు. ముప్ఫై నాలుగేళ్లలో ఎన్నడూ అడగలేదు.

డ్రైవరు ఇంజను ఆపి నీళ్లు తాగడానికి దిగినప్పుడు, ఆ మూలకు వినపడేట్టు అన్నాను. "చెల్లె, నువ్వు జరసేపు కూసో. నీ పిల్ల కాడికి నేనొస్త."

"నా పిల్ల ఇక్కడ లేదు."

"మరెక్కడ?"

ఆమె గడ్డంతో నేల మధ్యకు చూపించింది. అక్కడ చదునైన నల్లమన్ను తప్ప ఏమీ లేదు.

"మొదటి నాడే పోయింది అన్నా. రెండో సుట్టుల."

ఆ రెండో చుట్టు తిరిగినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. చూస్తూనే ఉన్నాను.

"మరి నువ్వు నిలబడ్డ కాడ ఎవలున్నరే?"

"ఎల్లవ్వ పిల్ల. ఎల్లవ్వ చచ్చిపోయి పదేండ్లాయె." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా పిల్లకు నేనున్న గదా, బతికి. దీనికెవలున్నరు?"

డ్రైవరు మళ్లీ ఎక్కాడు. ఇంజను మొదలైంది. ట్రాక్టరు నా వైపే తిరిగింది. ఆ చప్పుడులో శాంతమ్మ ఏదో కేక వేసింది. వినపడలేదు. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. కదలకు అంటోంది.

నేను కదలలేదు.